నిండిపోయిన ఆఖరి వరస

"మీ బావని నువ్వే చంపావా?" అని అడిగింది ఫైలక్క.

బస్సు ఎన్నింటికని అడిగినట్టుంది ఆ అడగడం. బల్లకి అవతల కూర్చున్న మనిషికి ముప్పై రెండేళ్ళుంటాయి. రెండు రాత్రులుగా నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. లేదన్నట్టు తల ఊపాడు.

"నోటితో చెప్పు."

"లేదక్కా."

"సరే."

ఫైలక్క కోర్టు రికార్డు గదిలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి, రిటైరయ్యాక డిటెక్టివు పని పెట్టుకున్న మనిషి. ఎవరి కాయితం తప్పిపోయినా ఈవిడే వెతికి తెచ్చేది కాబట్టి ఆ పేరు పడింది. భర్త పోయి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచి కాఫీ వేడిగా ఉన్నా చల్లారినా ఆవిడకి ఒకటే, ఎదుటివాళ్ళు ఏడ్చినా నవ్వినా ఒకటే. పని మాత్రం ఆగలేదు. మనసు రాకపోయినా చేతులు వస్తాయని తెలిసింది.

స్టేషను గోడ గడియారంలో పది ఇరవై. మూడు గంటలకి ఇతన్ని కోర్టుకి తీసుకెళ్తారు. హత్య కేసు, దానిపైన సాక్ష్యం చెరిపిన కేసు. అక్కడ జడ్జిగారు సరేనన్నాక ఇతన్ని బయటికి తేవడం ఇవాళ్టంత తేలిక కాదు.

జరిగింది కొంచెమే. మందుల గోదాములో ఒక మంచు గది ఉంది. సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన చలి. మంగళవారం ఉదయం ఎనిమిదీ పదికి సూపర్‌వైజరు ఆ గది తలుపు తీస్తే, లోపల స్టోర్‌కీపరు నేలమీద బిగుసుకుపోయి ఉన్నాడు. బయట గెడకి పిన్ను వేసి ఉంది. చనిపోయింది సోమవారం సాయంత్రం ఆరు తరవాత అన్నాడు డాక్టరు. ఆ స్టోర్‌కీపరు ఇతనికి సొంత అక్క మొగుడు. ఫైలక్కని పెట్టుకున్నది ఆ అక్కే.

"సోమవారం నాలుగూ ఇరవైకి మీ బావ నీకు ఫోను చేశాడు. నువ్వు అరిచావు. 'ఆ కత్తిరింపులు ఇంక ఆపవా బావా, చెప్తే వినవా' అన్నావట. ఫోనులోంచి నీ గొంతు బయటికి వినపడిందని సూపర్‌వైజరు రాసిచ్చాడు. ఏం కత్తిరింపు?"

"షీటు కత్తిరింపక్కా." అతను అరచేత్తో మొహం రుద్దుకున్నాడు. "మంచు గదికి కార్డు గీస్తే తలుపు తెరుచుకుంటుంది. గీసినప్పుడల్లా ఆఫీసు కంప్యూటరు షీటులో ఒక వరస చేరుతుంది. తేదీ, టైము, కార్డు నంబరు. అది రాసేది మాక్రో. అంటే కంప్యూటరుకి ముందే రాసిపెట్టిన పనుల చీటీ అనుకో. ఆ గోదాము కంప్యూటర్ల పని నాదే. నెలన్నర క్రితం అక్కడి పాత మాక్రోలన్నీ నేనే కొత్త వెర్షన్లోకి మార్చాను."

"కత్తిరింపు సంగతి చెప్పు."

"పాత వెర్షన్లో షీటుకి ఇన్నే వరసలని లెక్క. అరవై వేలు దాటగానే బావ పైనున్న పాత వరసలు కత్తిరించి వేరే షీటులో దాచేవాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు. కొత్తదాంట్లో పది లక్షల పైచిలుకు వరసలున్నాయి, ఇంక కత్తిరించక్కర్లేదు బావా అన్నాను. వినడు. అడిగిందే అడుగుతాడు. 'నిండుతోందిరా, కత్తిరించనా?' అని ఆ వారంలో నాలుగోసారి. విసుగొచ్చి అరిచాను."

"ఆ మాక్రో నువ్వు రాసిందేనా?"

"కాదు. ఎప్పుడో మానేసిన పెద్దాయన ఒకాయన రాసింది. కొత్తదాంట్లో పెట్టి చూశాను. నడిచింది."

"లోపల ఏముందో చదవలేదా?"

"మొత్తం నూట నలభై మాక్రోలక్కా. నడుస్తున్న బండికి ఇంజను విప్పి చూస్తారా ఎవరైనా?"

ఫైలక్క సంచిలోంచి ఒక కాయితం తీసి అతని ముందు పెట్టింది. ఇన్‌స్పెక్టరు కోర్టుకి ఇవ్వబోయే షీటు ఆఖరి పేజీకి నకలు. ఆఖరి వరసలో సోమవారం తేదీ, పగలు పదకొండు నలభై రెండు. దాని తరవాత ఏమీ లేదు.

"నీ మెడకున్న తాడు ఇదే. రోజుకి నూట యాభై సార్లు తెరిచే తలుపు, సోమవారం పదకొండు నలభై రెండు తరవాత ఒక్కసారి కూడా తెరవలేదట. ఆ తరవాతివన్నీ నువ్వు చెరిపావంటున్నాడు ఇన్‌స్పెక్టరు. చెరపడం వచ్చినవాడివి నువ్వొక్కడివే కదా."

అతను కాయితం కేసి చూశాడు. చూపు తేదీ మీద ఆగలేదు, ఎడమ అంచున ఉన్న వరస నంబరు మీద ఆగింది. 65,536. ఆ అంకె మీద వేలు పెట్టాడు.

"ఇది నాకెవరూ చూపించలేదు" అన్నాడు.

"ఇప్పుడు చూశావుగా."

"ఇది పాత షీటు అడుగు వరస. అక్కడితో అయిపోయేది." కాయితం దగ్గరికి లాక్కున్నాడు. "ఆ పెద్దాయన ఏం రాసి ఉంటాడో ఇప్పుడు తెలుస్తోంది. 'అడుగు వరసకి వెళ్ళు. అక్కణ్ణుంచి పైకి ఎక్కు. రాత తగిలిన చోట ఆగు. దాని కింద ఖాళీ వరసలో రాయి.' పాతదాంట్లో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అడుగు ఎప్పుడూ ఖాళీయే కాబట్టి. బావ ఖాళీ చేసి ఉంచేవాడు కాబట్టి."

"కొత్తదాంట్లో?"

"షీటు పెరిగింది. చీటీ పెరగలేదు. ఇంకా ఆ పాత అడుక్కే వెళ్తుంది. ఆ వరసే నిండిపోయి ఉంటే, రాతలోంచే ఎక్కడం మొదలుపెడుతుంది. ఎక్కడా ఖాళీ తగలదు. రాత ఎక్కడ అయిపోతుందో అక్కడిదాకా పోతుంది. అంటే పైన తేదీ, టైము అని పేర్లు రాసి ఉండే తలకట్టు దాకా. దాని కింద రాస్తుంది. రెండో వరసలో."

"అక్కడ అప్పటికే ఏదో ఉంటుందిగా."

"దాని మీదే రాస్తుంది. తరవాతి కార్డు గీస్తే మళ్ళీ దాని మీదే. ఎన్నిసార్లు గీసినా అదొక్క వరసే మారుతుంది. ఆఖరున గీసినవాడే మిగులుతాడు."

ఫైలక్క కాయితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"అయితే చెరిపింది నువ్వు కాదు."

"నేనేనక్కా" అన్నాడు అతను. "కత్తిరిస్తానంటే వద్దన్నది నేనే కదా."

*

వరండాలో బెంచీ మీద స్టోర్‌కీపరు భార్య కూర్చుని ఉంది. అదే గోదాములో ప్యాకింగు పని చేస్తుంది. మంగళవారం సాయంత్రం ఫైలక్క ఇంటికి వచ్చినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. కన్నీళ్ళు లేవు, తడబాటు లేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫైలక్కకి అది వింతగా అనిపించలేదు. తనూ అలాగే కూర్చుంది అప్పట్లో.

ఆటో ఎక్కాక తమ్ముడు చెప్పిందంతా ఫైలక్క ఆమెకి చెప్పింది. రెండో వరసలో ఉన్నవాళ్ళే ఆఖరున తలుపు తీసినవాళ్ళు. కంప్యూటరు వేసి ఉండగా మళ్ళీ ఎవరైనా కార్డు గీస్తే ఆ వరస పోతుంది, దాంతో తమ్ముడూ పోతాడు.

"అర్థమైందా?"

"అయింది" అంది ఆమె. "వాడు తిన్నాడా?" అని అడిగింది.

"తిన్నాననే అన్నాడు. నువ్వూ మీ ఆయనా మాట్లాడుకోవడం లేదట?"

"పదకొండు రోజులు."

"దేనికి?"

"ముందు గది గోడకి ఏ రంగు వెయ్యాలని మొదలైంది. రంగు సంగతి మర్నాటికే మర్చిపోయాం. ఎవరు ముందు పలకరించాలన్నదే మిగిలింది." ఆమె రోడ్డు కేసి చూస్తూ చెప్పింది. "గోదాము పైన గదిలో పడుకునేవారు. అందుకే సోమవారం ఇంటికి రాకపోయినా నేను వెతకలేదు."

*

పదకొండు ఇరవై అయిదుకి గోదాము చేరారు. వాకిట్లో ఆసుపత్రి వ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. స్టోర్‌కీపరు భార్య ప్యాకింగు బల్లల దగ్గర ఆగిపోయింది. ఫైలక్క నేరుగా మంచు గది దగ్గరికి వెళ్ళింది. సూపర్‌వైజరు వెనకే వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, చొక్కా జేబులో నాలుగు పెన్నులున్నాయి.

తలుపు జానెడు మందం. బయట ఇనప గెడ, దానికి గొలుసుతో వేలాడే బొటనవేలంత పిన్ను. లోపలివైపు నొక్కితే తెరుచుకునే పిడి ఉంది కానీ, బయట పిన్ను పడితే అది కదలదు.

"లోపల గంట ఉండాలిగా?"

"ఉందమ్మా. చెడిపోయి ఏడు నెలలు. రాసి పంపాం, వస్తామన్నారు, వస్తూనే ఉన్నారు." సూపర్‌వైజరు గొంతు తగ్గించాడు. "అందుకని మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. సాయంత్రం ఆఖరున తలుపు మూసేవాళ్ళు తల లోపలికి పెట్టి మూడుసార్లు పిలవాలి. బదులు రాకపోతేనే పిన్ను."

"సోమవారం ఆయన్ని ఆఖరున ఎప్పుడు చూశావు?"

"అయిదుంబావుకి. బల్ల దగ్గర."

"కంప్యూటరు ఎప్పుడు ఆపావు?"

"ఆరున్నరకి. ఆరూ ఇరవైకి కంపెనీ బస్సు ప్యాకింగు వాళ్ళని తీసుకెళ్ళాక. రోజూ అంతే."

"మంగళవారం పొద్దున కంప్యూటరు ముందు వేశావా, తలుపు ముందు తీశావా?"

"తలుపేనమ్మా. చలి సరిగ్గా ఉందో లేదో చూశాకే ఏదైనా."

"అయితే నువ్వు తీసిన వరస షీటులోకి ఎక్కి ఉండదు."

"ఎక్కదు. కంప్యూటరు వేసి ఉంటేనే ఎక్కుతుంది. తరవాత పోలీసులొచ్చి తలుపుకి సీలు వేశారు."

ఫైలక్క వంగి పిన్ను చూసింది. గొలుసు రెండో లింకుకి గోధుమరంగు టేపు ముక్క అంటుకుని ఉంది. ప్యాకింగు బల్లల దగ్గర పెట్టెలకి వేసే టేపు. గోరుతో గీకితే ఇంకా జిగురుగానే ఉంది. ఆవిడ దాన్ని అలాగే వదిలేసి నడుం నిలబెట్టింది.

"దూడ ఏదంటే దుంగ చాటున వెతికినట్టు, అక్కడేం వెతుకుతున్నారు పిన్నీ?"

ఇన్‌స్పెక్టరు ఆఫీసు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు రోజుకి రెండుసార్లు రికార్డు గదికి వచ్చి ఫైలక్క బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు.

"నీ మొదటి కేసు ఫైలు కూడా ఇలాగే వంగితేనే దొరికింది నాయనా. బీరువా కింద."

"ఆ కథ ఇంకా ఎంతమందికి చెప్తారు?"

"నువ్వు మరిచిపోయేదాకా. షీటు పై భాగం చూడాలి నేను."

"పైన ఏముంది? ఏడాది కిందటి చెత్త. చావు కిందుంది, మీరు పైకి పోతానంటారు."

ఆవిడ చెప్పింది. తమ్ముడు చెప్పిన మాటల్నే, ఒక్కటి కలపకుండా, ఒక్కటి తీసెయ్యకుండా చెప్పింది. ఇన్‌స్పెక్టరు విన్నాడు, చివర్లో నవ్వాడు.

"చెరిపినవాణ్ణే అడిగారు, ఎలా చెరిగిందని. వాడు చక్కగా కథ చెప్పాడు. దొంగే దారి చూపిస్తానంటే మీరు వెనకాల నడుస్తున్నారు."

"నడిస్తే అరిగేది నా చెప్పులే. చూపించు. చూసేదాకా ఆ తలుపు ఎవరూ ముట్టుకోకూడదు."

"కుదరదు. పన్నెండింటికి తలుపు తీయిస్తానని ఆసుపత్రికి మాటిచ్చాను. వ్యాను బయటే ఉంది. మీ ముచ్చట కోసం రోగుల మందులు ఆపమంటారా?" సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "సీలు తీసేశాం. పన్నెండు కొట్టగానే తెరువు."

"నా కార్డు మీరు పట్టుకెళ్ళిన సాక్ష్యాల కవర్లోనే ఉంది కదండీ."

"ఇంకెవరిదైనా వాడు."

సూపర్‌వైజరు బయటికి వెళ్ళాడు. పదకొండు నలభై ఎనిమిది.

ఫైలక్క కంప్యూటరు ముందు కూర్చుంది. తెరమీద షీటు అడుగు భాగం ఉంది. మౌసు చక్రం తిప్పింది. మూడు మూడు వరసలు పైకి జరిగాయి. 65,500. 65,440. ఇన్‌స్పెక్టరు గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఆవిడ తిప్పుతూనే ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు కాయితాలు ఒక్కొక్కటే తిప్పిన వేలు అది, తొందరపడటం తెలియదు. 65,100. 64,870.

"ఇలా అయితే రేపటికి చేరతారు" అన్నాడు.

"పర్లేదు."

"పన్నెండుకి వరస పోతుందన్నారుగా. మీ మాట ప్రకారమే."

"పోతుంది."

"మరి కంగారు లేదా మీకు?"

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించి చెప్పింది. "రావడం లేదయ్యా. ఏడాదిగా రావడం లేదు. కంగారు నువ్వు పడు. వాడు చంపలేదని తేలితే, చంపనివాణ్ణి కోర్టుకి ఈడ్చుకెళ్ళిన పేరు నీకే."

ఇన్‌స్పెక్టరు గోడ వదిలి వచ్చాడు. విసుగ్గా ఆవిడ భుజం మీదుగా వంగి రెండు మీటలు ఒక్కసారి నొక్కాడు. షీటు ఒక్క గెంతులో పై కొసకి చేరింది.

తలకట్టు. తేదీ, టైము, కార్డు.

మూడో వరసలో పద్నాలుగు నెలల కిందటి తేదీ ఉంది. నాలుగో వరసా అంతే, అయిదో వరసా అంతే. రెండో వరసలో మాత్రం మొన్నటి సోమవారం. సాయంత్రం ఆరూ నాలుగు. కార్డు 9.

ఇన్‌స్పెక్టరు అలాగే వంగి ఉండిపోయాడు. ఆయన ఊపిరి ఫైలక్క చెవికి తగులుతోంది. మూడు రోజులుగా ఈ షీటు తెరిచి, మూసి, అచ్చు వేయించిన మనిషి. ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

"వాడి కార్డు పన్నెండు" అన్నాడు చివరికి.

"తొమ్మిది ఎవరిది?"

గోడకి కార్డుల పట్టీ అంటించి ఉంది. ఇన్‌స్పెక్టరు వెళ్ళి వేలు పెట్టి చదివాడు. ఒకటి మేనేజరు, రెండు సూపర్‌వైజరు, మూడు స్టోర్‌కీపరు. ఎనిమిది నుంచి పదకొండు దాకా ప్యాకింగు. తొమ్మిది దగ్గర వేలు ఆగింది. చదివాడు కానీ పైకి చెప్పలేదు. వెనక్కి తిరిగి ఫైలక్క మొహం చూశాడు.

"మిమ్మల్ని పెట్టుకున్నది ఎవరు?" అని అడిగాడు.

ఫైలక్క కళ్ళు తెర మీదే ఉన్నాయి. పదకొండు యాభై ఎనిమిది. సూపర్‌వైజరు ఎవరి కార్డు అడగడానికి వెళ్ళాడో ఆవిడకిప్పుడు తెలిసింది. ఆమెకి తనే ఆటోలో విడమరిచి చెప్పింది, ఏం చేస్తే ఆ వరస పోతుందో. లేచి పరిగెత్తొచ్చు. కంప్యూటరు తీగ పీకొచ్చు. ఇన్‌స్పెక్టరు అదే చెయ్యబోయి గోడ వైపు చెయ్యి చాచాడు.

"ఆగు" అంది ఆవిడ.

"వరస పోతే?"

"నువ్వు చూశావు. నేను చూశాను. ఆమె ఏం చేస్తుందో చూడనీ."

పన్నెండు కొట్టింది. రెండో వరస మారలేదు. పన్నెండూ ఒకటి. మారలేదు.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. స్టోర్‌కీపరు భార్య లోపలికి వచ్చి, మెడలోంచి కార్డు తాడు తీసి, మడతపెట్టి బల్లమీద ఉంచింది. వెనకాల సూపర్‌వైజరు అయోమయంగా నిలబడ్డాడు.

"తలుపు దాకా వెళ్ళాను" అంది ఆమె. "గీస్తే ఇక్కడ నేను చెరిగిపోతాను. అక్కడ వాడు మిగిలిపోతాడు."

"కూర్చో" అంది ఫైలక్క.

కూర్చోలేదు. "మీ దగ్గరికి ఎందుకొచ్చానో అడగరేం?"

"చెప్పు."

"నోటితో చెప్పలేకపోయాను. ఎవరైనా వెతికి చెప్తే బాగుండుననిపించింది. మీరు తప్పిపోయిన కాయితాలు వెతుకుతారన్నారు."

ఇన్‌స్పెక్టరు కుర్చీ లాగి ఆమె పక్కన పెట్టాడు. ఆయన గొంతు మెత్తబడింది. "చూడమ్మా. పెట్టె ఏదో పెట్టడానికి తలుపు తీశావు. ఆయన వెనక అరల చాటున ఉన్నాడు. నీకు తెలీదు. పిలవడం మరిచిపోయి పిన్ను వేశావు. అంతేగా?"

ఆ మాట పట్టుకుంటే చాలు. గదిలో ఉన్న ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. ఆమెకీ తెలుసు.

"లైటు వెలుగుతోంది" అంది ఆమె. "ఆయన దగ్గు వినపడింది. నేను పెట్టె పెట్టాను. ఆయన అరల వెనకనించి చూశారు, నేనేనని తెలిసింది. మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. బయటికొచ్చి తలుపు మూశాను. పిలిస్తే ముందు నేను మాట్లాడినట్టవుతుంది. పిన్ను వేశాను. తలుపు కొట్టి తనే పిలుస్తారు, అప్పుడు తీద్దామనుకున్నాను."

"మరి కొట్టలేదా?"

"కొట్టారేమో. అది జానెడు తలుపు. నేను వెళ్ళేదాకా ఏం వినపడలేదు." ఆమె సూపర్‌వైజరు వైపు తిరిగింది. "ఆరున్నరకి మీరు చూస్తారుగా, మీరు తీస్తారనుకున్నాను."

సూపర్‌వైజరు పెదాలు కదిలాయి. "చూశానమ్మా. పిన్ను ఉంది. పిన్ను ఉందంటే ఎవరో మూడుసార్లు పిలిచి చూశారనే కదా మనకి. అందుకే కదా పెట్టుకున్నాం."

బయట వ్యాను డ్రైవరు ఎవరితోనో వాదిస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు నోటుపుస్తకం తెరిచాడు కానీ ఏమీ రాయలేదు.

ఫైలక్క కార్డు కేసి చూసింది, తెరమీద రెండో వరస కేసి చూసింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్నో వాంగ్మూలాలు చదివింది. ప్రతిదాంట్లోనూ చివర ఒక ఖాళీ ఉంటుంది, అడగాల్సినవాళ్ళు అడగకుండా వదిలేసిన చోటు. అడగకపోతే ఈమె బహుశా ఏడాదిలో బయటికి వస్తుంది. కానీ ఆ ఖాళీతోనే ఇంటికి వెళ్తుంది.

"పిన్ను వేశాక తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డావు?"

ఆమె వెంటనే చెప్పింది. మూడు రోజులుగా ఎవరైనా అడుగుతారని సిద్ధంగా పెట్టుకున్నట్టు చెప్పింది.

"కంపెనీ బస్సు హారను కొట్టేదాకా."